పెన్నీ బ్లాక్ మూలల్లో ఉన్న అక్షరాలు

స్టాంపు చేతికందగానే చాలామంది బొమ్మ చూస్తారు. నేను మాత్రం ముందు వెనకవైపు తిప్పి చూస్తాను, ఆ తర్వాత మూలలు, అంచులు. తొలి తపాలా బిళ్లల మీద ఉన్న వివరాల్లో చాలావాటికి కారణం అందం కాదు, మోసం జరుగుతుందన్న భయం. నాకు వాటిమీద ఇంత ఇష్టం కలగడానికి అదే కారణం.

1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు ఎక్కువగా అందుకున్నవారే భరించేవారు. ఎంత దూరం, ఎన్ని కాగితాలు అని లెక్కగట్టి వసూలు చేసేవారు. అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒకే పెన్నీకి చేరాలని, ఆ డబ్బు పంపేవారే ముందుగా కట్టాలని తపాలా సంస్కర్త రోలండ్ హిల్ పట్టుబట్టాడు. అలా 1840 మే 1న ప్రపంచంలోనే తొలి తపాలా బిళ్ల, నల్లటి పెన్నీ బ్లాక్ అమ్మకానికి వచ్చింది, మే 6 నుంచి చెల్లుబాటైంది.

దాని మీద విక్టోరియా రాణి ముఖం ఉంటుంది. రాణి మీద గౌరవం ఒక్కటే దానికి కారణం కాదు. మనిషి ముఖంలో గీత రవ్వంత మారినా కన్ను ఇట్టే పసిగడుతుంది, కనుక నకిలీ సులువుగా దొరికిపోతుంది. కింది రెండు మూలల్లో అక్షరాలుంటాయి. షీటుకు 20 వరుసలు, వరుసకు 12 బిళ్లలు, మొత్తం 240. ఆ రోజుల్లో 240 పెన్నీలంటే సరిగ్గా ఒక పౌండు. మొదటి అక్షరం వరుసను, రెండోది ఆ వరుసలో బిళ్ల స్థానాన్ని చెబుతాయి. దొంగ అచ్చు వేసేవాడు ఒక్క బిళ్లను చెక్కితే చాలదన్నమాట. పైగా కాగితంలోనే చిన్న కిరీటం వాటర్‌మార్క్. కాగితం తయారయ్యేటప్పుడే పడే గుర్తు అది, తర్వాత అద్దితే కుదరదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవారు దేశం పేరు మాత్రం వేయలేదు. బ్రిటన్ ఇప్పటికీ వేయదు.

అసలు చిక్కు, బిళ్లను మళ్లీ వాడకుండా తపాలావారు కొట్టే ముద్ర దగ్గర వచ్చింది. నల్ల బిళ్ల మీద కొట్టే ఎర్ర సిరాను తుడిచేసి, బిళ్లను మళ్లీ వాడవచ్చని తేలింది. దాంతో 1841లో బిళ్ల ఎరుపైంది, సిరా నలుపైంది. పెన్నీ రెడ్ పుట్టుక అదే. ఏడాది తిరగకుండానే తమ తొలి బిళ్ల రంగునే మార్చుకున్న ఆ నిర్ణయమంటే నాకు చాలా గౌరవం.

అంచు చిల్లులకు మాత్రం మోసంతో సంబంధం లేదు. మొదట్లో బిళ్లలను కత్తెరతో విడదీసేవారు. చిల్లులు వేసే యంత్రాన్ని రూపొందించిన హెన్రీ ఆర్చర్ కృషి వల్ల 1854లో చిల్లుల షీట్లు వచ్చాయి. 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో అదే కొలత. పెన్నీ రెడ్‌కు మొదట 16 ఉండేవి. అంత దగ్గరగా ఉంటే షీటు ముందే చిరిగిపోతుండటంతో 14కు తగ్గించారు. అందుకే బొమ్మ, రంగు, వెల ఒకటే అయినా ఆల్బమ్‌లో ఆ రెండింటికీ వేర్వేరు చోట్లు ఇస్తాను.