చలి నీళ్లలో సీజన్ తొలి వేక్‌సర్ఫ్

బోటు వెనక లేచే అల మీద బోర్డుతో సాగిపోయే ఆట వేక్‌సర్ఫింగ్. అందులో బోర్డు మీద నిలబడ్డాక చలి పెద్దగా తెలియదు. మోకాళ్ల కింద తప్ప ఒళ్లు అంతగా తడవదు, కాళ్లకు పని ఉంటుంది. చలి పట్టుకునేది దానికి ముందూ వెనకా. తాడు పట్టుకుని బోటు కదిలేదాకా తేలుతున్నప్పుడు, పడిపోయాక బోటు తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తున్నప్పుడు. గంటకు 17 కిలోమీటర్ల వేగంతో పోయే బోటు సెకనుకు దాదాపు 5 మీటర్లు దూరమవుతుంది. పడ్డ సంగతి చూసి, వేగం తగ్గించి, మెల్లగా తిప్పుకుని రావడానికి నిమిషం ఇట్టే గడిచిపోతుంది. పదిసార్లు పడితే పది నిమిషాలు నీళ్లలోనే. నీళ్లు 12, 13 డిగ్రీల దగ్గర ఉన్న రోజున ఆట సాగేదీ చెడేదీ ఆ పది నిమిషాల్లోనే తేలిపోతుంది.

అందుకే ముందు బోటు సంగతి. చలికాలమంతా షెడ్డులో పడి ఉన్న ఇంజిన్‌ను నేరుగా నీళ్లలోకి దించి తాళం తిప్పితే, అది మొరాయించేది సరిగ్గా ఒకరు తడిసి వణుకుతున్నప్పుడే. ఈ పని ముందురోజు ఒడ్డునే చూసుకోవాలి. చలికాలానికి ముందు ఇంజిన్‌లోంచి, పొగను పోగుచేసి బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డుల్లోంచి నీళ్లు వదిలేయడానికి తీసిన ప్లగ్గులన్నీ తిరిగి బిగించారో లేదో ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడాలి. బోటు అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గును తాళంచెవికే కట్టి ఉంచడం మంచి అలవాటు. అది పెట్టకుండా నీళ్లలోకి దింపేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

కూలింగ్ నీళ్లు లాగే పంపులో ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. నెలల తరబడి ఒకే వంపులో ఉండిపోతే దాని రెక్కలు బిరుసెక్కి, మొదటి స్టార్టింగ్‌లోనే విరుగుతాయి. విరిగిన ముక్క ఊరికే ఉండదు, కూలింగ్ గొట్టాల్లోకి పోయి ఎక్కడో అడ్డం పడుతుంది. కొత్తది వేసేటప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే అది దొరికేదాకా వెతకాల్సిందే. పెట్రోల్ ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యానును, అంటే బ్లోయర్‌ను, 4 నిమిషాలు నడపాలి. ఇంజిన్ అందుకోగానే ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు బయటికి కొడుతున్నాయా అని చూడాలి. బ్యాటరీ నిండా చార్జయి విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి. అంతకన్నా బాగా తక్కువ ఉంటే మ్యూజిక్ సిస్టమ్, బల్లాస్ట్ (అల పెద్దగా లేవడానికి బోటులోని బ్యాగుల్లో నింపే నీటి బరువు) పంపులు, హీటర్ ఫ్యాను కలిసి మధ్యాహ్నానికి దాన్ని పీల్చేస్తాయి.

బల్లాస్ట్ మొదటిసారి నింపేటప్పుడు ఇంజిన్ మూత తెరిచి, లోపల టార్చి వేసి చూస్తూ నింపండి. ఎక్కడో మిగిలిన కాసిని నీళ్లు గడ్డకట్టి గొట్టం జాయింటును చీల్చి ఉంటే, బ్యాగులోకి వెళ్లాల్సిన నీళ్లు బోటు అడుగునే చేరతాయి. లీటరు నీళ్లు కిలో బరువు. 1500 కిలోల బల్లాస్ట్ అంటే 1500 లీటర్లు, లీకైతే ఎంత వేగంగా ముంచుతుందో లెక్క వేసుకోవచ్చు. హీటర్ ఉన్న బోటైతే దాని గొట్టాలను కూడా ఒకసారి తడిమి చూడాలి. ఆ హీటర్ ఇంజిన్ వేడినీళ్లతో పనిచేస్తుంది కాబట్టి ఇంజిన్ వేడెక్కేదాకా చల్లగాలే వస్తుంది. హీటర్ పాడైందని అనుకోనక్కర్లేదు.

ఇంకొక మాట, అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది. చలిగా ఉందని బోటు పైకప్పు వేసి, పక్కల గుడ్డలు దించి, వెనక మాత్రం తెరిచి పెట్టుకుంటారు. మెల్లగా పోయే బోటు వెనక గాలి సుడి తిరిగి, ఎగ్జాస్ట్ పొగను లోపలికే లాగుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం మొదలైతే బోటు కుదుపు వల్ల అనుకుంటారు. కప్పేసుకున్న బోటులో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే అది కుదుపు కాదు. ఇంజిన్ ఆపి అన్నీ తెరిచేయాలి. ముందువైపు కూడా తెరిచి ఉంచితే గాలి ఆడుతుంది. డిటెక్టర్ ఉంటే మరీ మంచిది. ఇంజిన్ నడుస్తుండగా వెనక ప్లాట్‌ఫామ్ మీద ఎవరూ కూర్చోకూడదు, వెట్‌సూట్ వేసుకోవడానికైనా సరే.

వెట్‌సూట్ నీళ్లను పూర్తిగా ఆపదు. లోపలికి చొరబడ్డ పల్చటి నీటిపొరను ఒళ్లు వెచ్చబరుస్తుంది, సూటు రబ్బరులోని (నియోప్రీన్) సన్నటి బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. సూటు వదులైతే పడిన ప్రతిసారీ మెడ దగ్గర, నడుం దగ్గర కొత్త చల్లనీళ్లు దూరి ఆ వెచ్చటి పొరను కడిగేస్తాయి. అందుకే మందమైన వదులు సూటు కన్నా బిగుతుగా పట్టే పల్చటి సూటే నయం. 15 నుంచి 18 డిగ్రీల నీళ్లకు 3/2 సరిపోతుంది, అంటే ఛాతీ దగ్గర 3 మిల్లీమీటర్లు, చేతులు కాళ్ల దగ్గర 2. 12 నుంచి 15 మధ్య అయితే 4/3. అంతకన్నా చల్లగా ఉంటే 5/4తో పాటు టోపీ కూడా కావాలి. సూటు కాళ్లు బూట్ల పైకి రావాలి. బూట్లలోకి సూటు దోపితే పడినప్పుడల్లా బూటు నిండుతుంది. లైఫ్ జాకెట్‌ను సూటు మీద వేసి చూసుకోవాలి. వేసవిలో సరిపోయిన జాకెట్ మందపాటి సూటు మీద ఊపిరాడనివ్వకపోవచ్చు.

గ్లోవ్స్ విషయంలో, బోటు తాడుతో లాగుతుంటే బోర్డు మీద సాగే వేక్‌బోర్డింగ్ వాళ్లు చెప్పేది ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు. వాళ్లు చివరిదాకా హ్యాండిల్ పట్టుకోవాలి, అందుకని పల్చటివి వేసుకుంటారు. సర్ఫ్‌లో హ్యాండిల్‌తో పని లేచి నిలబడి, అల తోసుకుపోయేదాకానే. మందపాటి గ్లోవ్స్ వేసుకున్నా ఇబ్బంది ఉండదు. నీళ్లలోకి దిగే ముందు ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్లు బూట్లలో, గ్లోవ్స్‌లో, మెడ దగ్గర సూటులోకి పోసుకుంటే మొదటి నీటిపొర చల్లగా ఉండదు. చేయి పెట్టి చూసి మరీ పోయాలి, పొగలు కక్కే నీళ్లు కాదు. బోర్డుకు పాదం జారకుండా అంటించే ప్యాడ్ లేకుండా మైనం రాసే అలవాటు ఉంటే చల్లనీళ్ల మైనమే రాయాలి. వేసవి మైనం చలికి రాయిలా గట్టిపడి పాదాన్ని పట్టదు. మొదటి రోజుకు కాస్త పెద్ద బోర్డే తీసుకోండి. బూట్లతో పాదానికి బోర్డు సరిగా తెలియదు, పెద్ద బోర్డు ఆ లోటు పూడుస్తుంది, పడటం తగ్గుతుంది.

దూకొద్దు, నిచ్చెన మీదుగా దిగండి. 15 డిగ్రీల లోపు నీళ్లలో ఒక్కసారిగా మునిగితే గుండెలు అదిరి, మనం వద్దన్నా ఊపిరి ఎగబీలుస్తుంది. అప్పుడు ముఖం నీళ్లలో ఉంటే అంతే. చల్లనీళ్ల గురించి 1-10-1 అనే లెక్క ఒకటి చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు చెప్పిన మాట వినేది దాదాపు 10 నిమిషాలు, స్పృహ తప్పేదాకా దాదాపు 1 గంట. సూటు ఉంటే ఈ గడువులు పెరుగుతాయి, కానీ వరస మారదు. ఊపిరి నిదానించాకే తాడు అందుకోవాలి.

అల సరిచేసుకోవడం ఎవరూ నీళ్లలో లేనప్పుడే అయిపోవాలి. లోతు కనీసం 3 మీటర్లు, 4 దాటితే ఇంకా మంచిది. లోతు తక్కువైతే అల ఎత్తు లేవదు, అడుగు మట్టి రేగుతుంది. ఒడ్డుకు 150 మీటర్ల దూరం పాటించాలి. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ ఈ బోట్ల అలల మీద 2022లో ఇచ్చిన నివేదిక కూడా 500 అడుగులు దాటమనే చెప్పింది. ఖాళీగా గంటకు 17 కిలోమీటర్ల దగ్గర ఒక చుట్టు తిరిగి, అల నున్నగా, పొడుగ్గా వస్తోందా, నురగ కక్కుతోందా చూడండి. నురగ ఎక్కువైతే వేగం అర కిలోమీటరు చొప్పున పెంచుతూ పోవాలి. ఏ కాలు ముందుపెడతారన్నదాన్ని బట్టి అల బోటుకు ఏ పక్కన కావాలో మారుతుంది. ఎడమ కాలు ముందుపెట్టేవాళ్లంతా వరసగా, కుడి కాలు వాళ్లంతా తర్వాత ఎక్కితే బల్లాస్ట్ బరువు పక్కలు మార్చే పని ఒక్కసారితో పోతుంది. గుంపులో బాగా వచ్చినవాళ్లు ముందు దిగాలి, అలకు ఏం తక్కువైందో చెప్పగలిగేది వాళ్లే. కొత్తవాళ్లకు ఎండ పైకొచ్చిన వేళ వదిలిపెట్టాలి. తెల్లవారుజామున నీళ్లు అద్దంలా ఉంటాయన్నది నిజమే కానీ, మొదటి రోజుకు ఆ అద్దం అక్కర్లేదు.

లేచేటప్పుడు మడమలు బోర్డు అంచు మీద ఆనించి, మోకాళ్లు ఛాతీకి దగ్గరగా పెట్టి, చేతులు చాచి ఉంచాలి. హ్యాండిల్‌ను గుండెలకేసి లాక్కుంటే బోర్డు జారిపోతుంది, మళ్లీ ఒక నిమిషం నీళ్లపాలు. డ్రైవర్ మెల్లగా లాగాలి. బోర్డు కాళ్లకు అంటుకుని నిలబడ్డాకే వేగం పెంచాలి. తాడు వదులైందంటే అల తోస్తోందని అర్థం, దాన్ని బోటులోకి విసిరేయొచ్చు. చేతికి చుట్టుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. మనిషి బోటుకు ఇంత దగ్గరగా ఉండే ఆట ఇది. ప్రొపెల్లర్ అడుగు కింద దాగి ఉండే ఇన్‌బోర్డ్ బోటుతోనే ఆడాలి, బోటు వెనక బయటికి వేలాడే అవుట్‌బోర్డ్ మోటారు వెనక ఎప్పుడూ కాదు.

పడ్డవాళ్ల దగ్గరికి తొందరగా పోవాలని గిర్రున తిప్పే డ్రైవర్లు ఉంటారు. బల్లాస్ట్‌తో బరువెక్కిన బోటు తన అలకే ఎదురెళ్తే ముందు నుంచి నీళ్లు లోపలికి కొడతాయి. వేగం పూర్తిగా తగ్గించి, వెనకాల వచ్చే అల బోటు కింద నుంచి దాటిపోయాక తిరగడమే దగ్గరి దారి. సమయం కలిసొచ్చేది స్పాటర్ వల్ల, అంటే బోటులో కూర్చుని వెనక ఆడేవాళ్లను కనిపెట్టుకునే మనిషి వల్ల. పడీ పడకముందే చెయ్యెత్తి అరిచేవాళ్లుంటే అయిదు సెకన్లు, 25 మీటర్లు మిగిలినట్టే. పైకి ఎక్కించుకునేటప్పుడు ఇంజిన్ ఆపేయాలి, న్యూట్రల్ సరిపోదు.

ఒకరి వంతు పది నిమిషాలు, లేదా మూడుసార్లు పడటం, ఏది ముందైతే అది. మధ్యలో బొటనవేలిని చిటికెనవేలికి తాకించమని అడగండి. తాకించలేకపోతే, ఎంత బాగా ఆడుతున్నా పైకి రావాల్సిందే. మాట తడబడుతున్నా అంతే. పైకొచ్చాక గాలికి నిలబెట్టకుండా తడి సూటు తీయించి, పొడి బట్టలు, టోపీ వేసి, తీయటి వెచ్చటి టీ ఇవ్వండి. మద్యం వద్దు, అది చర్మానికి రక్తం మళ్లించి ఉన్న వేడిని కూడా పోగొడుతుంది. బయటికొచ్చిన తర్వాత కూడా కాసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. వణుకు పది నిమిషాల తర్వాత పెరిగితే కంగారు పడకుండా కప్పి కూర్చోబెట్టాలి, డ్రైవింగ్ మాత్రం ఇవ్వొద్దు.

సాయంత్రం బల్లాస్ట్ నీళ్లన్నీ అక్కడే వదిలేసి, బ్యాగులు ఆరబెట్టండి. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పల లాంటివి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోయేది ఈ నీళ్లతోనే. ఆ రాత్రి చలి సున్నాకు దిగేలా ఉంటే ఇంజిన్‌లోని నీళ్లు కూడా మళ్లీ వదిలేయాలి, ప్లగ్గులు మళ్లీ తాళంచెవికి కట్టాలి.