మొదటి వాక్యానికి జవాబు ఎవరిస్తారు?

ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి వచ్చినవాళ్ళు ఎందుకు నిలబడరని ఎవరడిగినా నేను చెప్పే కారణం ఒక్కటే. కొత్తగా వచ్చిన మనిషి అర్ధరాత్రి దాకా కూర్చుని ప్రోగ్రామ్ తెర మీద కనిపించే ముప్ఫై నలభై వాక్యాలు తెలుగు చేసి పెడతాడు. అవి నేరుగా ప్రోగ్రామ్‌లోకి పోవు, సూచనలుగా ఒక పక్కన చేరతాయి. అధికారం ఉన్నవాళ్ళెవరో చూసి సరే అనాలి. వారం పోతుంది, నెల పోతుంది, ఎవరూ చూడరు. బాగుందనరు, ఇది మార్చమని కూడా అనరు. తన పని ఎవరికీ అక్కర్లేదని ఆ మనిషికి అనిపిస్తుంది. ఇక ఆ గడప తొక్కడు.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. ఇక్కడ కొంతమందిమి కలిసి, పత్రాలు, పట్టికలు చేసుకునే లిబ్రెఆఫీస్ అనే స్వేచ్ఛా ప్రోగ్రామ్‌ని తెలుగు చేసే పని చేస్తున్నాం. మా కాలేజీ పిల్లలు కొందరు, ఎస్వీ యూనివర్సిటీ నుంచి, పద్మావతి మహిళా యూనివర్సిటీ నుంచి వచ్చేవాళ్ళు కొందరు, బైరాగిపట్టెడలో డీటీపీ సెంటర్ నడిపే ఒకాయన, నగరి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి. ఎవరికీ జీతం లేదు, సర్టిఫికెట్ కూడా లేదు. అలాంటిచోట మనుషుల్ని పట్టి ఉంచేది ఒకరి పనిని ఇంకొకరు పట్టించుకోవడమే.

పని జరిగేది వెబ్‌లేట్ అనే వెబ్‌సైట్‌లో. ఎడమ పక్క ఇంగ్లీషు వాక్యం, దాని కింద తెలుగు రాసే పెట్టె. వాక్యం మధ్యలో సంఖ్య గానీ ఫైల్ పేరు గానీ వచ్చి కూర్చునే చోట ఒక చిన్న కోడ్ ఉంటుంది, దాన్ని చెరిపేస్తే వెంటనే హెచ్చరిస్తుంది. పాత అనువాదాల్లో ఇలాంటి వాక్యం ఉంటే చూపిస్తుంది. ప్రతి వాక్యం కిందా వ్యాఖ్య రాసుకోవచ్చు. యంత్రం చేయగలిగిన సాయమంతా చేస్తుంది. చేయలేనిది ఒకటే, "చూశానమ్మా, బాగుంది" అని చెప్పడం.

అందుకే మా బృందంలో మొదట పెట్టుకున్న నియమం అనువాదం గురించి కాదు. కొత్తవాళ్ళ సూచనలకు రెండు రోజుల్లోపు ఎవరో ఒకరు జవాబివ్వాలి. పూర్తిగా చూసే తీరిక లేకపోతే "ఆదివారం కూర్చుని చూస్తాను" అన్నా చాలు. తిరస్కరిస్తే కారణం ఒక్క వాక్యంలోనైనా రాయాలి. మొదటి విడత వాక్యాలను మాత్రం ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే చూస్తాం. ఊరు దూరమైతే ఫోన్‌లో. పక్కన కూర్చుని దిద్దితే పావుగంటలో అర్థమయ్యే సంగతి, వ్యాఖ్యల్లో నడిపితే పది రోజులు లాగుతుంది, పైగా మనసు నొచ్చుకుంటుంది.

ఈ విషయంలో మన తెలుగువాళ్ళకు మంచి నమూనా ఇంట్లోనే ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ కొత్త ఖాతా తెరిచినవాళ్ళ చర్చా పేజీలో స్వాగతం పలుకుతారు, ఏది ఎక్కడ నేర్చుకోవాలో చెబుతారు. అందరూ కూర్చుని మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు. కొత్త మనిషికి ఎవరిని అడగాలో మొదటిరోజే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఈ మర్యాద తక్కువ. అక్కడ అడగాల్సిన చోటు మెయిలింగ్ లిస్టులోనో ఇంకెక్కడో ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లలు చదివి, ఏం రాయాలో తోచక ఊరుకుంటారు.

రెండో సంగతి, ఆమోదించే అధికారం. దీని మీద నా అభిప్రాయం గట్టిది, ఒప్పుకోనివాళ్ళు మా బృందంలోనే ఉన్నారు. అనుభవం లేనివాళ్ళకు అధికారం ఇస్తే నాణ్యత పడిపోతుందని వాళ్ళ భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఒక తప్పు వాక్యం లోపలికి పోతే ఏమవుతుంది? వెబ్‌లేట్‌లో పాత రూపాలన్నీ భద్రంగా ఉంటాయి, ఎవరు ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది, వెనక్కి తిప్పడం నిమిషం పని. అదే ఒక్కరి చేతిలోనే తాళం ఉండి, ఆ ఒక్కరికీ ఉద్యోగం మారితేనో ఇంట్లో పెళ్ళి వస్తేనో భాష మొత్తం ఆగిపోతుంది. ఒక ప్రాజెక్టులో అలా ఏళ్ళ తరబడి ఆగిపోయిన తెలుగు సూచనల్ని నేను చూశాను. రాసినవాళ్ళలో ఒక్కరి ఆచూకీ కూడా దొరకలేదు.

వెబ్‌సైట్లు కట్టుకోవడానికి వాడే వర్డ్‌ప్రెస్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అక్కడ భాష మొత్తానికి ఎడిటర్లు వేరు, ఏదో ఒక ప్లగిన్‌కో థీమ్‌కో మాత్రమే ఎడిటర్లు వేరు. కొత్తవాళ్ళను నమ్మడానికి చిన్న చోటు ఒకటి దొరుకుతుంది. లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టులో అనువదించేవాళ్ళు, సమీక్షించేవాళ్ళు, చివరికి లోపల చేర్చేవాళ్ళు అని మెట్లున్నాయి. ఒక ఫైల్‌ను ఎవరైనా తీసుకుంటే "ఇది నా దగ్గరుంది" అని అందరికీ కనిపిస్తుంది, కాబట్టి ఒకే పని ఇద్దరు చేసి చిన్నబుచ్చుకోవడం ఉండదు. మేము వెబ్‌లేట్‌లో ఆ రెండింటినీ కలిపి సొంతంగా ఒక ఏర్పాటు చేసుకున్నాం. పట్టికలు వేసే కాల్క్ ఒకరిది, పత్రాలు రాసే రైటర్ మెనూలు ఒకరివి, సహాయం పేజీలు ఇంకొకరివి. తన భాగంలో కొన్ని వారాలు నిలకడగా చేసినవాళ్ళకు సమీక్ష హక్కు ఇప్పించమని బృందం తరఫున మేమే అడుగుతాం. మాటల ఎంపిక మీద వాదనలు వస్తాయి, వాటిలోకి ఈ పోస్టులో దిగను. ఏం తేల్చామో, ఎందుకు తేల్చామో పదకోశంలో రాసి పెట్టుకుంటాం, అంతే.

క్యాలెండర్ సంగతి మాత్రం చెప్పాలి. లిబ్రెఆఫీస్ ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు తెస్తుంది. 2024 నుంచి వెర్షన్ సంఖ్యలోనే ఏడాది, నెల ఉంటాయి: 24.2 అంటే ఫిబ్రవరిది, 24.8 అంటే ఆగస్టుది. విడుదలకు కొన్ని వారాల ముందు ఇంగ్లీషు వాక్యాలు ఇక మారవని ఆపేస్తారు. అనువాదకులకు అసలైన అదను అదే. ఫిబ్రవరి వెర్షన్‌కి ఆ రోజులు సరిగ్గా సంక్రాంతి ముందు పడతాయి. పిల్లలంతా పీలేరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు ఊళ్ళకు వెళ్ళిపోయే సమయం. లిబ్రెఆఫీస్‌ని నడిపే సంస్థ ఉన్న బెర్లిన్‌లో తేదీలు వేసేవాళ్ళకు భోగి ఎప్పుడో తెలియదు, తెలియాలని అనుకోవడమూ న్యాయం కాదు. కాబట్టి మేమే సెమిస్టర్ పరీక్షలు, పండుగలు పక్కన పెట్టుకుని వెనక నుంచి లెక్కేసుకుంటాం. నవంబరులోనే పెద్ద భాగం ముగించి, చివరికి మిగిలిన కొద్దిపాటి వాక్యాలు ఊళ్ళో ఫోన్ మీద కూడా చేసుకునేలా. బ్రహ్మోత్సవాల వారంలో అయితే అసలు ఎవరికీ పని పెట్టం. తిరుపతిలో ఆ రోజుల్లో ఎవరింట్లో చూసినా చుట్టాలే.

అనువాదం చేసేవాళ్ళే భాషా బృందం అనుకుంటే సగం మందిని బయట నిలబెట్టినట్టే. మా డీటీపీ అన్న సంగతి చెబుతాను. ఆయన ఏళ్ళుగా అను అనే పాత పద్ధతి ఫాంట్లలో పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు చేసిన మనిషి. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ టైపింగ్ ఆయనకు కొత్త, కీబోర్డు మారేసరికి వేళ్ళు తడబడ్డాయి. ఇంగ్లీషు వాక్యం చదివి తెలుగు చేయడం ఆయనకు ఇష్టమైన పని కాదు. కానీ అక్షరం మీద ఆయన చూపు మాకెవరికీ లేదు. ఒకరోజు కాల్క్‌లో కస్టమర్ల పేర్ల పట్టిక వేస్తూ నన్ను పిలిచారు.

"మేడమ్, ఇక్కడ చూడండి. లక్ష్మిలో మ వత్తు అడుగున తెగిపోయింది."

నాకు మొదట కనిపించలేదు. తెర మీద పెద్దది చేసి చూపిస్తే నిజమే. క కింద ష వత్తు ఉంది, దానికి చేరిన మ వత్తు సగానికి కోసుకుపోయింది. రాజులో, రమణలో ఏ తేడా లేదు. ఒక విద్యార్థి పక్కన చేరాడు. అదే పట్టికను నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటులో పెట్టి చూశారు, అక్షరం నిండుగా ఉంది. లోహిత్ ఫాంటులోనూ బాగుంది. అన్న వాడిన ఫాంటులోనే తెగుతోంది. తీరా తేలిందేమిటంటే తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, ఆ ఫాంటుది. అక్షరాలు నిలబడే గీత కింద తనకు ఎంత చోటు కావాలో ప్రతి ఫాంటూ ఒక సంఖ్య రాసిపెట్టుకుంటుంది. అందులో ఆ సంఖ్య తక్కువగా ఉంది. ఒక్క వత్తుకు సరిపోతుంది, రెండు వత్తులకు చాలదు. అది స్వేచ్ఛా లైసెన్సు ఉన్న ఫాంటే కాబట్టి, చేసినవాళ్ళకు రాయొచ్చు. విద్యార్థి ఇంగ్లీషులో రాశాడు. ఏ ఫాంటు వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ అక్షరాలు, తెగిన బొమ్మ ఒకటి, తెగని బొమ్మ ఒకటి. పంపే ముందు అన్నకు తెలుగులో చదివి వినిపించాడు. "శ్రీలక్ష్మి అని కూడా పెట్టు, పెళ్ళి పత్రికల్లో ఎక్కువ వచ్చేది అదే" అన్నారాయన. పెట్టాడు.

ఆ ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా ఆ పని చేయలేరు. బృందం కట్టడం అంటే నా లెక్కలో ఇలాంటి జతలు కుదర్చడం. నగరి అమ్మాయి ఇంట్లో మాట్లాడేది తమిళం, చదివింది తెలుగు మీడియం. తమిళ బృందం ఏ చిక్కును ఎలా విప్పుకుందో ఆమె చూసి వచ్చి చెబుతుంది, మాకు చాలా శ్రమ తప్పుతుంది.

భాషా బృందాలంటే పెద్ద ప్రాజెక్టుకు తోకల్లాంటివి అనుకునేవాళ్ళకు నేను లిబ్రెఆఫీస్ పుట్టుక చెబుతాను. 2010 సెప్టెంబరు 28న దానికి ముందున్న ఓపెన్‌ఆఫీస్ సముదాయంలో చాలామంది విడిగా వచ్చి, లిబ్రెఆఫీస్‌ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ ప్రకటించారు. అప్పటికి ఆ ఫౌండేషన్‌కి చట్టపరంగా సొంత ఉనికి లేదు. ఆసరాగా నిలిచింది జర్మన్ భాషా సముదాయం పెట్టుకున్న నమోదిత సంఘం. 2011లో మూలధనం కోసం అడిగితే 50,000 యూరోలు ఎనిమిది రోజుల్లో వచ్చాయి. 2012లో బెర్లిన్‌లో ఫౌండేషన్ నమోదైంది. తమ భాషలో పని చేసుకోవడానికని కట్టుకున్న సంఘం, ప్రాజెక్టు మొత్తానికే ఆపద్ధర్మంగా నిలబడింది. మనం రేపే సంఘం రిజిస్టర్ చేయించాలని నేననడం లేదు. ముందు సూచనలకు జవాబులు రావాలి.

ఈ సెమిస్టర్ అయ్యాక సమన్వయం పని నగరి అమ్మాయికీ, మా కాలేజీలో చదివి ఇప్పుడు చిత్తూరులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయికీ కలిపి అప్పగిస్తున్నాను. ఇద్దరికీ సమాన హక్కులు, ఒకరు ఊళ్ళో లేకపోతే ఇంకొకరు చూసుకుంటారు. ఎవరెవరు ఏ భాగం చూస్తున్నారు, ఎవరికి ఎప్పుడు పరీక్షలు, ఎవరి సూచనలు ఇంకా చూడాల్సి ఉన్నాయి, అన్నీ ఒక పట్టికలో రాసి ఇచ్చాను. నేను సమీక్షలు చేస్తూనే ఉంటాను.

తిరుపతి చుట్టుపక్కల ఉండి ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్ళు వస్తామంటే సంతోషం. తెలుగు టైపింగ్ రాకపోయినా ఫరవాలేదు, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్పిస్తాం. ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఫరవాలేదు, మీరు రోజూ చేసే తెలుగు పత్రం ఒకటి తెచ్చుకోండి, దాన్ని లిబ్రెఆఫీస్‌లో తెరిచి ఏం తేడాగా ఉందో చెబితే అదే మాకు కావలసిన సాయం. డీటీపీ అన్న కూడా ఉంటారు, ఫాంట్ల గురించి ఏదైనా ఆయన్ని అడగొచ్చు.