అది మట్టి కాదు

పోయిన సమ్మర్లో మా అమ్మ తెనాలి నుంచి డాలస్ వచ్చినప్పుడు మా తొమ్మిదేళ్ల వాడికి తలంటు పోస్తూ, వీడి మెడ చూడవే ఎంత మట్టి పట్టిందో అని సున్నిపిండితో తెగ రుద్దింది, వాడు మంట అమ్మమ్మా అని ఏడుస్తున్నా వదల్లేదు. నేనూ ఎండకి నల్లబడిందేమో అనుకున్నా. తర్వాత చెకప్‌లో డాక్టర్ మెడ వెనక చూసి, ఇది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే చర్మం ఇలా మందంగా నల్లబడుతుంది, అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారన్నారు. ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, బీఎంఐ, వాడి ఈడు మగపిల్లల చార్టులో 95వ పర్సంటైల్ దాటింది, అంటే ఒబేసిటీ కిందే లెక్క. వాణ్ణి అలా రుద్దించింది గుర్తొచ్చి కార్లో కూర్చుని ఏడ్చేశా. మీ పిల్లలకి మెడ వెనక, చంకల్లో అలా ఉంటే దయచేసి రుద్దకండి, డాక్టర్‌కి చూపించండి.

మన ఇళ్లల్లో పిల్లాడు బొద్దుగా ఉంటేనే బాగా తింటున్నట్టు. వాడు స్కూల్లో పిజ్జా తిని వస్తాడు, నాకది తిండి కిందే లెక్క కాదు, పాపం ఏం తిన్నాడో అని నాలుగింటికి బూస్ట్ కలిపిన పాలు, జంతికలు, మళ్ళీ ఏడింటికి నెయ్యేసి పప్పన్నం, అదీ ఐప్యాడ్ పెట్టి నేనే కలిపి నోట్లో పెట్టడం. చాలమ్మా అంటే ఇదొక్క ముద్ద నాన్నా అనేదాన్ని. కడుపు నిండిన సంగతి వాడికి తెలుస్తూనే ఉంది, నేనే వినలేదు.

మా నాన్నకీ మా అత్తయ్యకీ షుగరే. మనవాళ్లకి అదే బీఎంఐ ఉన్న తెల్లవాళ్ల కంటే ఒంట్లో కొవ్వు ఎక్కువుంటుందట, అందుకే ఇంకా భయం.

వాడొక్కడికే డైట్ పెట్టొద్దు, ఇల్లంతా మారాలి అన్నారు డాక్టర్. జ్యూస్ డబ్బాలు, కోక్ కొనడం మానేశాం, పిల్లలకి రోజుకి విడిగా కలిపే చక్కెర 25 గ్రాములు దాటకూడదంటే ఒక్క కోక్ టిన్నులోనే 39 ఉంది. కూర ఎక్కువ, అన్నం తక్కువ, మా ఆయనకీ అంతే. ఐప్యాడ్ బల్ల మీదకి రాదు. ఈ టెక్సాస్ ఎండలకి పగలు బయట కాలు పెట్టలేం కాబట్టి ఎనిమిదిన్నరకి ముగ్గురం సైకిళ్లు తీస్తాం.

అమ్మ వీడియో కాల్లో చూసి వీడు చిక్కిపోయాడే అంటుంది. వాడి ముందు లావు, సన్నం మాటలొద్దమ్మా అని విడిగా ఫోన్ చేసి చెప్పా, కాస్త నొచ్చుకుంది, కానీ ఇప్పుడు ఇవాళ ఎంత దూరం తొక్కావురా అని అడుగుతోంది.

నిన్న రాత్రి వాడే వడ్డించుకుని, పెరుగన్నం రెండు ముద్దలు మిగిల్చి లేచాడు. నా చెయ్యి ఆ కంచం దాకా వెళ్ళి ఆగింది.