పడమటి గాలి తిరిగేదాకా

కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే మా ఆవిడ నా చేతిలో గొడుగు లాక్కుంది. "కోనసీమకి పోతా గొడుగెందుకు? అక్కడంతా నీడే కదా" అని. ఏప్రిల్ ఆఖరి వారం. నాతో పనిచేసే మిత్రుడి ఇంట్లో గృహప్రవేశం, రాజోలు దగ్గర ఊరు. నాలుగు రోజులు కొబ్బరిచెట్ల కింద మంచం వేసుకుని పడుకుందామన్నది నా అసలు ఆలోచన.

మాది పాలకొండల కింద ఊరు. మాఘం వెళ్ళేసరికి కొండ మీద బోదగడ్డి ఎండి నడుములోతున నిలబడి ఉంటుంది. బీడీ ఒకటి చాలు. పొద్దుగూకాక మిద్దెక్కి చూస్తే కొండకి ఎర్రటి దండ వేసినట్టు మంట కనబడేది, చిన్నప్పుడు మాకదో వేడుక. మంట కొండెక్కేటప్పుడు పరుగెత్తుతుంది, దిగేటప్పుడు పాకుతుంది. ఎక్కేటప్పుడు పైనున్న గడ్డి మీదికి వంగి, తాను చేరకముందే దాన్ని ఎండగట్టేస్తుంది. 2014 మార్చిలో తిరుమల అడవులు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్ళు పోయాల్సి వచ్చింది. ఇదంతా చూసినవాణ్ణి కాబట్టి నిప్పు సంగతి నాకు తెలుసనే ధీమా ఒకటి ఉండేది.

ధవళేశ్వరం బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. పైన నీళ్ళు నిండుగా ఉన్నాయి, కింద కనుచూపు మేర ఇసుక. రావులపాలెం దాటాక రోడ్డు పక్క కాలువ చూస్తే మనసు చివుక్కుమంది. పిల్లలు అందులో దిగి క్రికెట్ ఆడుతున్నారు. పక్క సీటాయన్ని అడిగితే, "దాళ్వా కోతలైపోయినియ్యి కదండీ, కాలవ కట్టేశారు. బోదెల్లో చుక్క లేదండి ఆయ్" అన్నాడు. బోదలో చుక్క ఏమిటో నాకర్థం కాలేదు. మాకు బోద అంటే గడ్డి, వీళ్ళకి బోదె అంటే చేలోకి నీళ్ళు పారే పిల్లకాలువ. మాట దాదాపు ఒకటే, అక్కడ మంట, ఇక్కడ నీళ్ళు. నీళ్ళు అప్పుడు లేవనుకోండి.

ఊరు చేరేసరికి పదకొండు. నీడ ఉన్నమాట నిజమే, కానీ ఆ నీడలో గాలి కాల్తోంది. మా కడపలో 43 డిగ్రీలు చూసినవాణ్ణి, ఇది వేరు. మావైపు ఎండ చెంపదెబ్బ కొట్టినట్టుంటుంది, కొట్టి వదిలేస్తుంది. ఇక్కడ పొద్దున తొమ్మిదింటి దాకా ఉక్కపోతలో ఉడికించి, ఆ తర్వాత పడమటి గాలికి అప్పగిస్తారు. మిత్రుడి తల్లిగారు తలుపులన్నీ మూయించారు. "ఈ పూట ఇంతే బాబూ. సముద్రపు గాలి తిరిగిందాకా బయటికెళ్ళకండి" అన్నారు. పూర్వం తాటాకిళ్ళ రోజుల్లో, పడమటి గాలి లేచిందంటే ఆవిడ అత్తగారు పది గంటలకే వంట ముగించి పొయ్యిలో నీళ్ళు చల్లేసేవారట. మధ్యాహ్నం ఎవరింట్లోనైనా పొగ కనబడితే వీధివీధంతా తిట్టేవాళ్ళట.

దక్కను మీద కాగిన గాలి తూర్పు కనుమలు దిగి ఇక్కడికి వస్తుంది. పొడిగాలి కిలోమీటరు కిందికి దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. అది బలంగా వీచినంతసేపూ సముద్రం మీంచి వచ్చే గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. వాతావరణ శాఖ మైదానాల్లో వడగాలి అనడానికి 40 డిగ్రీలు కావాలంటుంది, తీరంలో 37 ఉండి మామూలు కంటే నాలుగున్నర ఎక్కువైతే చాలంటుంది. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా వడదెబ్బకి పోయారు. కొబ్బరిచెట్టు నీడని చూసి గొడుగు వదిలేసి వచ్చే నాలాంటివాళ్ళకి ఈ లెక్కలు ముందే తెలిస్తే బాగుండు.

గృహప్రవేశం బాగా జరిగింది, భోజనాల సంగతి చెప్పనక్కర్లేదు. పనసపొట్టు కూర రెండుసార్లు వేయించుకున్నాను.

మర్నాడు ఒంటిగంట దాటాక కేకలు వినబడ్డాయి. తోటకి పడమటవైపు చేలో ఎవరో కొయ్యకాళ్ళకి నిప్పు పెట్టారు. మిషను కోసిన చేను, దుబ్బులు పొడుగ్గా ఉన్నాయి. చదును నేల, మంట ఎక్కడానికి వాలు లేదు, నిదానంగా వస్తుందిలే అనుకున్నాను. ఎంత పొరపాటు! కొండ చేసే పనే ఇక్కడ గాలి చేస్తోంది, మంటని వంచి ముందున్న దుబ్బుల మీద పరుస్తోంది. ఎండిన బోదె అడ్డం ఉంది కదా అనుకునేలోపే నిప్పురవ్వలు దాన్ని దాటేసి తోటలో కొబ్బరి డొక్కల పోగు మీద పడ్డాయి. పోగుకి పదడుగుల అవతల తాటాకు పశువుల పాక.

కరెంటు లేదు, మోటారు తిరగదు. ఆడవాళ్ళు చేతిపంపు దగ్గర గోనెసంచులు తడిపి అందిస్తుంటే కుర్రాళ్ళు పాక మీద కప్పుతున్నారు. మావైపు మంటని పచ్చికొమ్మలతో బాదుతాం. కొమ్మ కోసం పిచ్చివాడిలా చుట్టూ వెతికాను. కొబ్బరిచెట్టుకి కొమ్మలెక్కడివి? అప్పటికే కూలీలు అరటిచెట్లు నరికి పడేస్తున్నారు. ఒకాయన నిలువునా చీల్చిన ముక్క నా చేతిలో పెట్టి, "ఈ బోదెతో కొట్టండి బాబూ!" అన్నాడు. అరటి మానుని కూడా వీళ్ళు బోదె అనే అంటారు. బరువుగా, చల్లగా ఉంది. పొరపొరకీ చిన్నచిన్న గదులు, గదిగదిలో నీళ్ళు. మంట మీద కొట్టిన ప్రతిసారీ చుయ్యిమని ఆవిరి లేచింది, నీళ్ళు మోచేతుల దాకా కారాయి.

ఎంతసేపు కొట్టామో తెలీదు. ఉన్నట్టుండి కొబ్బరాకుల చప్పుడు ఆగింది. పొగ నిలువుగా లేచింది. మిత్రుడి నాన్నగారు తలెత్తి చూసి, "తిరుగుతుంది" అన్నారు. నా గుండె ఝల్లుమంది. కొండల్లో మనుషులు మంటకి చిక్కేది గాలి తిరిగినప్పుడే. చేలో అవతలి అంచున ఇద్దరు కుర్రాళ్ళు కాలని దుబ్బుల్లో నిలబడి ఉన్నారు. "నల్లటి చోటికి రండి! కాలినదాని మీదికి రండి!" అని గొంతు చించుకున్నాను. ఆ రోజు నేను పనికొచ్చింది అంతమాత్రమే. వాళ్ళు దూకి ఇవతలికి వచ్చారు. మెడ మీద ఉప్పుగాలి తగిలింది, పొగంతా పడమటికి వాలింది. మంట వెనక్కి తిరిగి తాను కాల్చిన బూడిద దగ్గరికే వెళ్ళింది. అక్కడ తినడానికేమీ మిగల్లేదు. అటు చివర మిగిలిన కాసిన్ని దుబ్బుల్ని కుర్రాళ్ళు బాది ఆర్పేశారు.

ఫైరింజను వచ్చేసరికి డొక్కల పోగు ఒక్కటే మిగిలింది. దాని మీద ట్యాంకరు నీళ్ళు పోశారు. రాత్రి మళ్ళీ లోపల్నుంచి పొగ. పీచు కదా, కడుపులో నిప్పు దాచుకుంటుంది. నేను బయల్దేరిన రోజు పొద్దున కూడా పెద్దాయన కర్రతో పోగు కెలికి బిందెతో నీళ్ళు పోస్తున్నారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ సంచి విప్పి చొక్కా వాసన చూసింది.

"ఏ కొండ కాలింది?"

"కొండ కాదు, చేను."

నమ్మలేదు. చొక్కా మీద నల్లటి మరకలు చూపించి, ఇదేమిటంది. అరటి జిగురు అన్నాను. మూడుసార్లు ఉతికింది, పోలేదు.