పొద్దున మొండికేసే కారు, నా పరువు

ఈరోజు పొద్దున ఆరింటికి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. నెల రోజుల తర్వాత!

2013 మోడల్ పెట్రోల్ కారు, తిరుపతిలోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నేను వెళ్లేసరికే అమ్మినాయన బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి పెట్టుకుని ఉన్నాడు. ఎంత మర్యాదో అనుకున్నా. మీరు మాత్రం ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఇంకో పూట వస్తామని చెప్పి వచ్చేయండి.

వానలు పోయి చలి పడగానే మొదలైంది. పొద్దున పదిసార్లు సెల్ఫ్ కొడితే గానీ కదలదు, ఒకసారి అందుకుందంటే సాయంత్రం దాకా పేచీ ఉండదు. బ్యాటరీ మార్చా, ప్లగ్గులు నాలుగూ మార్చా, దండగ.

షెడ్డుకి నడుపుకుంటూ వెళ్తే ఇంజిన్ వేడిగానే ఉంటుంది కదా, అక్కడ బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. మూడోసారి వెళ్లినప్పుడు పెద్ద మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టకుండానే "తిప్పండి సార్" అన్నాడు. తిప్పాను. టక్కున అందుకుంది. "బండికేం లేదు, మీకే స్టార్ట్ చేయడం రావట్లేదు" అన్నాడు, అందరి ముందూ. పక్కన పంక్చర్ వేసే పిల్లోడు కూడా నవ్వాడు. పద్దెనిమిదేళ్లుగా స్టీరింగ్ పట్టుకున్నోణ్ణి, కొండ మీద నుంచి పాత ఘాట్‌లో ఎన్నిసార్లు దించానో లెక్కలేదు, బంపర్‌కి గీత పడలేదు, నాకు తాళం తిప్పడం రాదంట!

చివరికి మంగళం దగ్గర ఒక కుర్రాడు సరైన మాట చెప్పాడు. "అన్నా, రాత్రికి బండి ఇక్కడే వదిలెయ్, పొద్దున నేనొచ్చేదాకా తాళం ముట్టుకోవద్దు." పొద్దున వెళ్తే బానెట్ మీద మంచు నీళ్లు కారుతున్నాయి. స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, బండి కంప్యూటర్‌లోని లెక్కలు చూపించే స్కానర్ పెట్టాడు. ఇంజిన్ లోపలికి పోయే గాలి 19 డిగ్రీలు, కూలెంట్, అదే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, 84! రాత్రంతా ఆగి ఉన్న బండిలో రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. కూలెంట్ సెన్సర్ చెప్పే అబద్ధం నమ్మి, ఇంజిన్ వేడిగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ తక్కువ వదులుతోందన్నమాట. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, ఎక్కువే కావాలి. వేడెక్కాక ఆ 84 నిజమే అయిపోతుంది, ఇక షెడ్డులో రోగం ఎక్కడ కనపడుతుంది?

కొత్త సెన్సర్, కూలీ కలిపి 900 రూపాయలు. పాతది పారేయలేదు, డాష్‌బోర్డులో పెట్టుకున్నా. ఎల్లుండి ఆ టీ గ్లాసాయన షెడ్డు వైపే పని ఉంది.