వై-ఇంటర్సెప్ట్, మా బాపు కాంటా చీటీ

టెన్త్ దాంక మాది తెలుగు మీడియం, హన్మకొండల ఇంటర్ల చేరినంక అంతా ఇంగ్లీషే. మ్యాథ్స్ వన్-బీ పేపర్ల స్ట్రెయిట్ లైన్స్ చాప్టర్ కాడికొచ్చి ఆగిపోయిన. సారేమో ఇంటర్సెప్ట్ ఇంటర్సెప్ట్ అంటుండు, అది మన అంతరఖండమే, అంటే గీత యాక్సిస్‌ను కోసే కాడి విలువ అని తెలిసేసరికి వారం పట్టింది, నవ్వకుండ్రి.

స్లిప్ టెస్టుల 3ఎక్స్ + 4వై − 24 = 0 ఇచ్చి వై-ఇంటర్సెప్ట్ కనుక్కోమన్నరు. వై = ఎమ్ఎక్స్ + సి ల సి నే ఇంటర్సెప్ట్ అని బట్టీ కొట్టిన గదా, ఆఖర్ల ఉన్నది −24 కాబట్టి అదే రాసి వచ్చిన. సున్న. ఇంటికొచ్చి మళ్ల చేస్తే 8 వచ్చింది, ఖుషీ అయిన, తీరా చూస్తే వై తీసేసి చేసిన, అది ఎక్స్-ఇంటర్సెప్ట్ అంట.

మా బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలీ. ఆ రాత్రి అన్నం తినుకుంట, ఖాళీ బండిని కాంటా మీద పెట్టకుండనే మిర్చి బస్తాలు ఎక్కించిండ్రని, లెక్క తెగక మొత్తం దించుడాయెనని ఒకటే తిట్టుడు. ఖాళీ డీసీఎం 3200 కిలోలు, బస్తాకు 40 అనుకుంటే వై = 40ఎక్స్ + 3200 అయితది గదా అని పెన్ను పట్టుకున్న. బస్తాలు సున్న ఉన్నప్పుడు కాంటా ఏం చూపిస్తదో అదే వై-ఇంటర్సెప్ట్! మరి మైనస్ వస్తే? వై = 2ఎక్స్ − 6 ల −6 వస్తది, సున్న కన్న తక్కువ తూగే బండి యాడ ఉంటది, ఆడ బాపు లెక్క పనిజెయ్యదు, గీత ఎక్స్ యాక్సిస్ కింద వై యాక్సిస్‌ను కోస్తదంతే.

మళ్ల పాత లెక్క తీసిన. ఎక్స్ = 0 పెడితే 4వై = 24, వై = 6. గ్రాఫ్ పేపర్ మీద గీస్తే నిజంగనే (0, 6) కాడ తాకింది. అంటే ముందు వై ఒక్కదాన్నే ఒక దిక్కు తెచ్చుకోవాలె, వై = −3/4 ఎక్స్ + 6, అప్పుడు చివర ఉన్నదే సి. నేను 4తోని భాగించకుండనే, గుర్తు మార్చకుండనే సి అనుకున్న.

తెల్లారి సార్ ఎక్స్ = 5 ఇచ్చి దీనికి వై-ఇంటర్సెప్ట్ ఎంత అన్నడు. అందరు 5 అన్నరు. నేను లేచి, బండి 5 బస్తాల కాడనే నిలబడ్డది సార్, ఖాళీగ కాంటా ఎక్కనే లేదు, ఇంటర్సెప్ట్ లేదు అన్న. క్లాసంత నవ్విండ్రు, సార్ గూడ.