అరుస్తుందే గానీ తెరుచుకోదు

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ నిన్న రాత్రి మొరాయించింది. ఫ్యాన్ తిరుగుతోంది, లైట్ వెలుగుతోంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. లోపల్నుంచి ఒకటే బీప్‌లు. ఇలా అరిస్తే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌నే, అంటే కంప్యూటర్ మెమరీ ముక్కనే.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, పక్క మూత తీశాను. అబ్బో, దిండుకు సరిపడా దుమ్ము! ర్యామ్ బయటికి లాగి, బంగారు రంగు పిన్నులను మా పాప రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్కుమనేదాకా నొక్కాను. స్క్రీన్ వచ్చేసింది. కానీ తేదీ 2009 అట! అంటే కంప్యూటర్ ఆపేసినా గడియారాన్ని నడిపే, బోర్డు మీదున్న సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. రూపాయి బిళ్ళంత ఉంటుంది, 3 వోల్టులది. వాచీల షాపులోనూ దొరుకుతుంది.

కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డు దాకా ఆ ట్రాఫిక్‌లో మోసుకెళ్ళే బాధ తప్పింది. "కొత్తది కొంటావనుకున్నా నాన్నా" అని మా పాప మాత్రం మూతి ముడుచుకుంది.